ఫిట్‌నెస్‌కు ముందు బండిని ఎట్లా తయారు చేసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తే లారీ కానీ, పాలమూరు మార్కెట్లో కూరగాయలు దించే ట్రాలీ ఆటో కానీ, కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని పరీక్షించి ఇచ్చే కాగితం తప్పదు. తారీఖు దగ్గర పడగానే మొదలయ్యే టెన్షన్ మాత్రం చాలావరకు తప్పించుకోవచ్చు. ఇంజనో గేర్‌బాక్సో పాడై వెనక్కి వచ్చే బళ్లను మేం పెద్దగా చూడలేదు. వెలగని లైటు, ఒక పక్కకు లాగే బ్రేకు, గడువు దాటిన కాగితం, వీటి దగ్గరే పని ఆగుతుంది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు ఓనర్లు, డ్రైవర్లు మళ్లీ మళ్లీ అడిగే సంగతులు ఇవి.

ఎఫ్‌సీ ఎన్నాళ్లకోసారి చేయించాలి? కొందరు ఏడాది అంటారు, కొందరు రెండేళ్లు అంటారు.

రెండూ నిజమే, బండి వయసును బట్టి. కొత్త బండికి మొదట రెండేళ్లు ఇస్తారు. ఆ తర్వాత బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, 8 దాటాక ఏటా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధనను 2018 నవంబరులో మార్చినప్పటి నుంచి ఈ లెక్క నడుస్తోంది. పాత డ్రైవర్లకు అంతకు ముందు పద్ధతే గుర్తుంది కాబట్టి ఏడాది అంటారు. ఎవరి మాటా వినకుండా మీ ఎఫ్‌సీ మీద ఉన్న తారీఖు చూడండి. బడి, కాలేజీ బస్సుల లెక్క వేరు, దాని గురించి కింద రాశాం.

గడువు దాటి నాలుగు రోజులు తిప్పితే ఏమవుతుంది?

చట్టం ప్రకారం ఎఫ్‌సీ లేని రవాణా బండి రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చెప్పేది అదే. 192వ సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడితే 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే 10,000 దాకా, జైలుశిక్ష కూడా పడొచ్చు. దీనికి తోడు కేంద్ర నిబంధనల్లో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు ఫీజు ఉంది. బండి షెడ్డులోనే ఉన్నా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

జరిమానా కంటే భయపడాల్సింది యాక్సిడెంటుకు. ఎఫ్‌సీ లేని రోజున ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు పట్టుకునేది ఆ కాగితాన్నే. కేసు ఏళ్లు నడుస్తుంది, డబ్బు ఓనరు మెడకు చుట్టుకుంటుంది.

ఎన్ని రోజుల ముందు నుంచి పని మొదలుపెట్టాలి?

లారీకి, టిప్పర్‌కు మూడు వారాలు. ట్రాలీ ఆటోకు, పికప్‌కు పది రోజులు చాలు. సీజన్ కూడా చూసుకోండి. వానాకాలం వడ్లు, పత్తి దిగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్లకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో బండి ఒక్క పూట ఆగినా కిరాయి పోతుంది. మెకానిక్కులు కూడా ఆ రోజుల్లో దొరకరు, దొరికినా హడావుడిగా చేసి పంపిస్తారు. ఎఫ్‌సీ తారీఖు ఆ నెలల్లో పడితే బ్రేకు, కమాన్ల (బండి బరువు మోసే ఇనుప పట్టీల) పని సీజన్ మొదలు కాకముందే చేయించి పెట్టుకోండి. చివరి వారానికి లైట్లు, రేడియం స్టిక్కర్లు, కాగితాలు మాత్రమే మిగలాలి.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

ఆర్సీ, పాత ఎఫ్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ట్యాక్స్ కట్టిన రసీదు. వీటిలో ఏ ఒక్కటి గడువు దాటినా ముందు అది తేల్చుకోవాలి. క్వార్టర్ ట్యాక్స్ కట్టే బళ్లు ఆ క్వార్టర్‌ది కట్టేశాయో లేదో చూసుకోవాలి. ఏడేళ్లు దాటిన రవాణా బండికి గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. పెండింగ్ ఈ-చలాన్లు ఏమైనా ఉన్నాయేమో బండి నంబరు కొట్టి చూడండి. బండి మీకు తెలియకుండా ఎక్కడెక్కడ ఆగిందో, ఎంత స్పీడు పోయిందో కూడా అక్కడే బయటపడుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్-4, బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణాలు) బళ్లకు ఏడాది, అంతకంటే పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది. ఎలక్ట్రిక్ ఆటోలకు అది అక్కర్లేదు, ఫిట్‌నెస్ మాత్రం వాటికీ ఉంది.

ఇంకొక్క మాట. ఆర్సీలో ఉన్న పేరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, బాడీ రకం, సీట్ల సంఖ్య బండితో సరిపోలాలి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోకుండా తిప్పుతున్నవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది.

ఫైనాన్స్ కిస్తీలు ఇంకా ఉన్నాయి. వాళ్ల దగ్గర నుంచి లెటర్ తేవాలా?

అక్కర్లేదు. ఎఫ్‌సీ రెన్యువల్‌కు ఫైనాన్స్ ఎన్‌ఓసీతో పని లేదు.

స్లాట్ ఎట్లా బుక్ చేయాలి? ఫీజు ఎంత?

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్లో బండి నంబరుతో స్లాట్ తీసుకొని ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. సొంతంగా చేసుకోవడం రాకపోతే మీసేవలో చేయించుకోవచ్చు. ఫీజు బండి రకాన్ని, వయసును బట్టి మారుతుంది. పాతబడినకొద్దీ బాగా పెరుగుతుంది, 15 ఏళ్లు దాటిన హెవీ బండికైతే వేలల్లోనే ఉంటుంది. టీ కొట్టు దగ్గర విన్న రేటును నమ్మకండి, స్క్రీన్ మీద కనిపించే మొత్తమే లెక్క. రసీదు ప్రింటు తీసుకోండి. ఫోన్లో ఉంది కదా అనుకుంటే ఆ రోజే ఫోన్ చార్జింగ్ అయిపోతుంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) గారు అసలు ఏం చూస్తారు?

పేరులోనే బ్రేక్ ఉన్నా ఆయన చూసేది బండి మొత్తం. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, రిఫ్లెక్టర్లు, అద్దాలు, హారన్, సైలెన్సర్, వైపర్, డాష్‌బోర్డు, స్పీడోమీటర్, పొగ, ఇవన్నీ నిబంధనల్లో రాసి ఉన్నవే. ముందు బండి నంబరు, ఛాసిస్ నంబరు సరిచూస్తారు. తర్వాత చుట్టూ తిరిగి చూసి, నడిపించి బ్రేకు తొక్కిస్తారు.

ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ అందుబాటులోకి వచ్చిన ప్రాంతాల్లో ఈ పనిలో ఎక్కువ భాగం మెషిన్లదే. కేంద్రం వీటి నిబంధనలను 2021 సెప్టెంబరులో తెచ్చింది. బండిని రోలర్ల మీదికి ఎక్కించి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో విడివిడిగా కొలుస్తారు. హెడ్‌లైట్ ఎటు కొడుతోంది, చక్రాలు పక్కకు జారుతున్నాయా, స్పీడోమీటర్ నిజం చెబుతోందా అన్నదీ మెషినే చూస్తుంది. కంటితో చూసేటప్పుడు దాటిపోయే తేడా అక్కడ దాటదు. ముఖ్యంగా కుడి ఎడమ బ్రేకుల మధ్య తేడా.

ఛాసిస్ నంబరు కనిపించడం లేదు, తుప్పు పట్టింది. ఏం చేయాలి?

ఫ్రేమ్ మీద నంబరు ఉన్న చోట మట్టి, గ్రీజు, పాత పెయింటు పొరలు పొరలుగా పేరుకుంటాయి. కిరోసిన్ లేదా డీజిల్‌లో ముంచిన గుడ్డతో కాసేపు నానబెట్టి, బట్టలుతికే బ్రష్‌తో మెల్లగా రుద్దండి. అంకెలు తేలాక వాటి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్ది చూడండి. అన్ని అంకెలూ కాగితం మీద పడితే మీకు టెన్షన్ లేదు. గ్రైండర్ మాత్రం దగ్గరికి రానీయకండి. ఉన్న నంబరును మళ్లీ పంచ్ కొట్టించడం ఇంకా పెద్ద తప్పు, దొంగ బండి అన్న అనుమానం వస్తుంది. తుప్పుకు నంబరే తినేసి ఉంటే పరీక్ష రోజు దాకా ఆగొద్దు. ముందే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి.

బ్రేకులు బాగానే పడుతున్నాయి. అయినా చూపించాలా?

రోజూ అదే బండి నడిపేవాళ్లకు బ్రేకు పాడైన సంగతి తెలియదు. అది మెల్లగా తగ్గుతుంది, కాలు కూడా మెల్లగా దానికి అలవాటుపడుతుంది. మూడు పరీక్షలు మీరే చేసుకోవచ్చు.

మొదటిది ఖాళీ మట్టి రోడ్డు మీద. ఎవరూ లేని చోట, 20 స్పీడులో, స్టీరింగ్‌ను గట్టిగా కాకుండా పట్టుకొని బ్రేకు తొక్కండి. దిగి వెనక్కి నడిచి మట్టిలో పడిన గీతలు చూడండి. ఒక పక్క గీత పొడవుగా పడి, ఇంకో పక్క చక్రం మామూలుగా తిరిగిన అచ్చే ఉంటే ఆ రెండో పక్క బ్రేకు సరిగ్గా పట్టడం లేదని అర్థం. లైనరుకు (డ్రమ్మును పట్టే బ్రేకు పట్టీకి) ఆయిలో గ్రీజో అంటి ఉంటుంది, లేదా అడ్జస్ట్‌మెంట్ తప్పి ఉంటుంది.

రెండోది డ్రమ్ముల వేడి. నాలుగైదు కిలోమీటర్లు మామూలుగా నడిపి ఆపాక, చెయ్యి డ్రమ్ముకు తగలకుండా దగ్గరగా పెట్టి ఒక్కో చక్రం చూడండి. ఒకటి మాత్రం కాలిపోతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. ఒకటి చల్లగా ఉంటే అక్కడ పట్టడం లేదు.

మూడోది ఎయిర్ బ్రేకు బళ్లకు. గేజీ నిండేదాకా గాలి ఎక్కించి ఇంజన్ ఆపండి. పెడల్ తొక్కి పట్టుకొని ముల్లును చూస్తూ ఉండండి. తొక్కగానే కొంచెం దిగి అక్కడే నిలిస్తే మంచిదే. దిగుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉంది. క్లీనర్‌ను సబ్బునీళ్లతో కిందికి పంపి పైపు జాయింట్ల మీద, చాంబర్ల మీద పోయించండి. బుడగలు వచ్చిన చోటే రిపేరు. ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు తిప్పితే నీళ్లు బుస్సుమని వస్తాయి. నల్లటి నీళ్లు, ఆయిల్ జిడ్డు ఎక్కువగా వస్తే కంప్రెసర్ కూడా చూపించాలి.

పికప్పుల్లో, ట్రాలీ ఆటోల్లో ఆయిల్ బ్రేకు కాబట్టి పెడల్ మెత్తగా కిందిదాకా దిగిందంటే లైనులో గాలి ఉన్నట్టు, బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి. హ్యాండ్ బ్రేకును చాలామంది మరిచిపోతారు. గేర్ తీసేసి వాలు మీద ఆపి చూడండి, బండి కదలకూడదు. చక్రం కింద రాయి పెట్టే అలవాటు ఉందంటేనే హ్యాండ్ బ్రేకు పని చేయడం లేదని లెక్క.

లైనర్లు మార్చేటప్పుడు ఒక యాక్సిల్‌కు రెండు పక్కలా మార్చండి. ఒక్క పక్కే మార్చి డబ్బు మిగుల్చుకుంటే బండి పక్కకు లాగుతుంది, అదే ఫెయిల్ చేయిస్తుంది.

స్టీరింగ్‌లో ఎంత ఆట ఉండొచ్చు?

చక్రాలు నేరుగా పెట్టి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద టై రాడ్ ఎండ్లను (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే కడ్డీల చివర్లను) చూడాలి. స్టీరింగ్ కదిలి చక్రం కదలకపోతే ఆ మధ్యలో ఏదో అరిగింది. ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, చక్రాన్ని పైన కింద పట్టుకొని ఊపితే కింగ్ పిన్, బేరింగ్ సంగతి తెలుస్తుంది. పక్కలు పట్టుకొని ఊపితే టై రాడ్ తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, చెక్క దుంగలు పెట్టండి.

అట్లాగే కమాన్ పట్టీల్లో విరిగినది ఉందేమో, యు బోల్టులు వదులయ్యాయేమో చూడండి. వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు లోడు కొట్టే బళ్లలో, క్రషర్ టిప్పర్లలో పట్టీ పగలడం మామూలు. పైన మట్టి ఉంటే కనిపించదు, కడిగించాకే చూడాలి.

టైర్లు కిరాయికి తెచ్చి ఆ రోజుకు బిగించుకోవచ్చా? చాలామంది చేస్తారు గదా.

చేస్తారు. మంచి టైర్లు, స్టెప్నీ, ఆఖరికి మంటలార్పే సిలిండర్ కూడా ఒక పూటకు కిరాయికి తెచ్చేవాళ్లు ఉన్నారు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం, అది దండగ పని. కిరాయి, బిగించే కూలి, విప్పే కూలి అన్నీ కలిపితే సెకండ్ హ్యాండ్‌లో ఒక మంచి టైరు ధరలో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది. మర్నాడు మళ్లీ ఆ గుండు టైర్ల మీదే మే నెల ఎండలో నల్లగొండ నుంచి విజయవాడ పోవాలి. ఎఫ్‌సీ ఇచ్చిన కాగితం టైరు పగలకుండా ఆపదు.

నిబంధన ప్రకారం లారీలు, పికప్పులు, బస్సుల టైర్లకు బటన్ (టైరు మీది గాడి) లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. మూడు చక్రాల ఆటోకు 0.8. టైరు గాడి లోపల అక్కడక్కడా చిన్న గుర్తు దిబ్బలు ఉంటాయి. బటన్ అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కొలిచే పరికరం అక్కర్లేదు, వేలు పెట్టి చూసుకోవచ్చు. పక్కల పగుళ్లు, లోపలి దారాలు కనిపించడం, డబుల్ టైర్ల మధ్య రాయి ఇరుక్కోవడం కూడా చూడండి. రీట్రేడ్ టైరును (పైన కొత్త రబ్బరు వేసిన పాత టైరును) ముందు చక్రాలకు వేయకండి. స్టెప్నీకి గాలి ఉండాలి, జాకీ, వీల్ పానా బండిలోనే ఉండాలి.

లైట్ల దగ్గర ఎందుకు ఎక్కువ బళ్లు ఆగుతాయి?

ఎందుకంటే పగలు ఎవరూ చూసుకోరు. సాయంత్రం చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా నిలబెట్టండి. రెండు హెడ్‌లైట్ల వెలుగు గోడ మీద ఒకే ఎత్తులో పడాలి. డిమ్ కొట్టినప్పుడు కిందికి దిగాలి. ఒకటి ఆకాశం వైపు, ఒకటి పొలం గట్టు వైపు చూస్తుంటే అడ్జస్ట్ చేయించాలి. ఆ తర్వాత వెనక భాగం గోడ వైపు పెట్టి, సీట్లో కూర్చొని బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. ఎర్రటి వెలుగు గోడ మీద రెండు పక్కలా కనిపించాలి. ఇంకో మనిషి లేకున్నా ఈ పరీక్ష చేసుకోవచ్చు.

పార్కింగ్ లైట్లు, నాలుగు ఇండికేటర్లు, హజార్డ్, రివర్స్ లైటు, నంబరు ప్లేటు మీద లైటు, క్యాబిన్ లైటు. వీటిలో నంబరు ప్లేటు లైటు అందరూ మరిచిపోయేది. చాలాసార్లు బల్బు బాగానే ఉంటుంది, ఎర్తింగ్ వైరు తుప్పు పట్టి ఉంటుంది. కనెక్షన్ గీకి బిగిస్తే వెలుగుతుంది. వైరింగ్‌లో టేపు చుట్టిన జాయింట్లు వేలాడుతుంటే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఫైర్ అయ్యే బళ్లలో అసలు కారణం అక్కడే ఉంటుంది చాలాసార్లు.

పైన కట్టిన ఫోకస్ లైట్లు, నీలం ఎరుపు మెరిసే ఎల్‌ఈడీలు, కళ్లు చెదిరే తెల్ల బల్బులు తీసేయండి. ఆఫీసుకు పోయేముందు తీసి, వచ్చాక మళ్లీ కట్టేవాళ్ల గురించి చెప్పేదేమీ లేదు. ఎదురుగా వచ్చే బండివాడి కళ్ల ముందు చీకటి చేసేది ఆ లైట్లే.

రేడియం స్టిక్కర్లు నిజంగా అవసరమా? ఎఫ్‌సీ కోసం ఊరికే ఖర్చు కాదా?

విజయవాడ హైవే మీద గానీ, జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే బెంగళూరు హైవే మీద గానీ రాత్రి నడిపినవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిన లారీ, వెనక లైటు లేదు, టార్పాలిన్ ముదురు రంగు. వెనక నుంచి 100 స్పీడులో వచ్చే కారుకు అది దగ్గరికి వచ్చేదాకా కనపడదు. బ్యాటరీ ఆగినా, వైరు తెగినా మెరిసేది ఆ టేపు ఒక్కటే.

ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. నాణ్యత గుర్తు ఉన్న టేపే వేయించండి. మామూలు మెరుపు కాగితం కొత్తలో బాగానే కనిపిస్తుంది, ఒక్క ఎండాకాలానికే పొట్టు రాలిపోతుంది. వేసేముందు ఆ చోటు కడిగి, తుడిచి, ఆరనివ్వాలి. సిమెంటు దుమ్ము మీద అంటిస్తే పది రోజుల్లో ఊడుతుంది. డాలా (లారీ తొట్టి పక్క పలక) దించినప్పుడు టేపు కనపడని చోట వేసుకోకండి. వెనకా పక్కలా ఉండే ఇనుప అడ్డు కడ్డీలు కూడా వంగిపోకుండా గట్టిగా ఉండాలి. కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపేది వెనక కడ్డీయే. లోడింగ్‌కు అడ్డమని దాన్ని కోసేసినవాళ్లు మళ్లీ వెల్డింగ్ చేయించక తప్పదు.

పొగ ఎక్కువ వస్తోంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎట్లాగూ ఉంది గదా?

సర్టిఫికెట్ ఉన్నా ఎదురుగా నల్లగా పొగ కొడుతుంటే ఎవరు ఒప్పుకుంటారు? ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. జిన్నింగ్ మిల్లుల పత్తి దూది, వడ్ల దుమ్ము, క్రషర్ పొడి తినే బళ్లలో సగం రోగం అక్కడే ఉంటుంది. ఫిల్టర్ మార్చినా నలుపు తగ్గకపోతే ఇంజెక్టర్లు, పంపు చూపించాలి. నీలం రంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, అది పెద్ద పని. డీజిల్ బళ్లకు పొగ నలుపును కొలిచే మెషిన్ రీడింగ్ బీఎస్-4కు ముందు వాటికి 2.45, బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7 దాటకూడదు. పరీక్షకు ముందు బండిని కాసేపు నడిపి ఇంజన్ వేడెక్కనివ్వండి.

బీఎస్-6 లారీల్లో పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం ట్యాంకును పక్కన పెట్టించి తిప్పేవాళ్లు ఉన్నారు. డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలుగుతూ ఉంటే దాచడం కుదరదు, కంపెనీ సెట్టింగుకు తెచ్చుకోండి.

స్పీడ్ గవర్నర్ (బండిని హద్దు దాటి స్పీడు పోనీయని పరికరం) వైరు పీకేసి ఉంది. బిగించాలా?

బిగించాలి, సీలు కూడా ఉండాలి. గవర్నర్ తప్పనిసరైన మామూలు రవాణా బళ్లకు గరిష్ఠం 80. డంపర్లు, ట్యాంకర్లు, స్కూల్ బస్సులకు 60. మూడు చక్రాల ఆటోలకు ఇది లేదు.

డాలా ఎత్తు పెంచాను, ముందు పెద్ద బంపర్ పెట్టించాను, ఎయిర్ హారన్ ఉంది. వీటితో పోవచ్చా?

మూడూ ఇబ్బందే. ఆర్సీలో ఉన్న బాడీ కొలతలను అనుమతి లేకుండా మార్చకూడదని చట్టంలో 52వ సెక్షన్ ఉంది. గడ్డి, పత్తి ఎక్కువ పట్టాలని పక్కలకు ఇనుప కడ్డీలు పెంచిన బళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. విప్పేసుకుని పోవాలి. రాగాలు పలికే హారన్ తీసేసి కంపెనీ హారన్ పెట్టండి, అది గట్టిగా మోగాలి. పగిలిన సైలెన్సర్ ఉంటే వెల్డింగ్ సరిపోతుందో మార్చాలో మెకానిక్‌ను అడగండి.

అద్దాలు, వైపర్, సీట్ల సంగతి?

ముందు అద్దం డ్రైవర్ చూపుకు ఎదురుగా పగిలి ఉంటే మార్చాలి. పక్క అద్దాలు రెండూ ఉండాలి. వైపర్ తిరగాలి, రబ్బరు ఉండాలి. ఏప్రిల్‌లో ఎఫ్‌సీకి పోయేవాళ్లలో దీన్ని చూసుకునేవాళ్లు తక్కువ. సీటు బెల్టు, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, రోడ్డు మీద పెట్టే త్రికోణం బండిలో ఉండాలి. మంటలార్పే సిలిండర్ తేవాల్సిన బళ్లు గేజీ ముల్లు పచ్చ రంగులో ఉందో లేదో, తారీఖు దాటిందో లేదో చూసుకోండి.

బండికి పెయింట్ వేయించాలా?

కొత్తదానిలా మెరిసిపోవాల్సిన అవసరం లేదు. తుప్పు రంధ్రాలు లేకుండా, రేకు అంచులు బయటికి పొడుచుకు రాకుండా ఉంటే చాలు. నంబరు ప్లేటు హై సెక్యూరిటీది అయి, శుభ్రంగా చదవగలిగేలా ఉండాలి. బండి పక్కన ఓనరు పేరు, ఖాళీ బరువు, లోడు బరువు రాతలు చెరిగిపోతే మళ్లీ రాయించండి. దేవుడి పేరుకు, పిల్లల పేర్లకు ఎవరూ అభ్యంతరం పెట్టరు గానీ అవి నంబరును, టేపును కప్పేయకూడదు.

ట్రాక్టర్ ట్రాలీకి ఎఫ్‌సీ కావాలా?

వ్యవసాయానికి రిజిస్టర్ చేసిన ట్రాక్టర్‌ను వ్యవసాయానికే వాడుతుంటే అది రవాణా బండి కింద రాదు. అదే ట్రాక్టర్‌తో ఇసుక, ఇటుక, మొరం కిరాయికి తోలితే రవాణా బండి నిబంధనలన్నీ వర్తిస్తాయి.

స్కూల్ బస్సుకు అదనంగా ఏం కావాలి?

విద్యాసంస్థల బస్సుల ఎఫ్‌సీ మన రాష్ట్రంలో ఏటా మే 15తో ముగుస్తుంది. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. మధ్యలో ఉన్న ఆ నెలలోనే అన్ని స్కూళ్లూ ఒక్కసారి ఆఫీసు మీద పడతాయి. అందుకే మే మొదటి వారంలోనే గ్యారేజీకి తోలండి.

పసుపు రంగు, ముందూ వెనకా స్కూల్ బస్సు అన్న రాత, కిటికీలకు అడ్డ కడ్డీలు, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, మంటలార్పే సిలిండర్, స్కూలు ఫోన్ నంబరు, గవర్నర్ చూస్తారు. అన్నిటికంటే ఎమర్జెన్సీ తలుపు ముఖ్యం. దాన్ని లోపలి నుంచీ బయటి నుంచీ తెరిచి చూడండి. ఏడాదంతా తీయని తలుపు తుప్పుతో బిగుసుకుపోతుంది, కొన్ని బస్సుల్లో దానికి అడ్డంగా సీటు కూడా వేసేస్తారు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మన కొత్తకోట దగ్గర పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయినప్పుడు 45 మంది చనిపోయారు. ఆ దారిన పోయే ఎవరూ దాన్ని మరిచిపోలేదు. ఎమర్జెన్సీ తలుపుకు గ్రీజు పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. పిల్లల్ని ఎక్కించే ఆయమ్మకు కూడా అది ఎట్లా తెరవాలో నేర్పించండి.

లోడుతోనే పోయి, చూపించుకుని అట్లాగే డెలివరీకి పోవచ్చా?

పోకండి. ఖాళీ బండి, కడిగిన బండి, గ్రీజు కొట్టిన బండి. ముందు రోజు కడిగిస్తే బ్రేకు డ్రమ్ముల్లో తడి ఆరడానికి టైం ఉంటుంది. అదే రోజు పొద్దున నీళ్లు కొట్టి నేరుగా పోతే బ్రేకు మొదటి రెండు తొక్కులకు సరిగ్గా పట్టదు.

ఏజెంటుకు ఇస్తే సులువు కాదా?

కాగితాల పని తెలియనివాళ్లు ఫారం నింపడానికి, ఫీజు కట్టడానికి ఎవరి సాయమైనా తీసుకోవచ్చు, తప్పు లేదు. బండి తేకుండానే పని చేయిస్తాం అన్నవాడి దగ్గర మాత్రం ఆగండి. మీ సంతకాలు, మీ ఒరిజినల్ ఆర్సీ అతని దగ్గర ఉంటాయి, రేపు ఆ ఎఫ్‌సీ నకిలీదని తేలితే కేసు ఓనరు మీదే. అసలు బండి బాగుంటే ఏజెంటుకిచ్చే డబ్బుతో ఒక యాక్సిల్ లైనర్లు వస్తాయి.

ఫెయిలైతే ఏం చేయాలి?

గొడవ పడకండి, కారణం రాతపూర్వకంగా అడగండి. ఎఫ్‌సీ నిరాకరిస్తే కారణాలు రాసి ఇవ్వాలని 56వ సెక్షన్‌లోనే ఉంది. ఆ కాగితం మెకానిక్ చేతిలో పెడితే పని తేలిగ్గా అవుతుంది. లేకపోతే ఆయన తనకు తోచినవన్నీ విప్పుతాడు, బిల్లు పెరుగుతుంది. సరిచేసుకుని మళ్లీ ఫీజు కట్టి చూపించుకోవచ్చు. నిర్ణయమే తప్పని మీకు గట్టిగా అనిపిస్తే 57వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఈ లోపు పాత గడువు ముగిసిపోతే బండి కిరాయికి తిప్పకూడదు. గడువుకు మూడు వారాల ముందు మొదలుపెట్టమన్నది ఇందుకే కూడా.

నా లారీకి 15 ఏళ్లు దాటాయి. ఇక స్క్రాపేనా?

కాదు. 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కానిది ప్రభుత్వ బళ్లకే, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ల డీజిల్ బండి నిబంధన మనకు లేదు. పరీక్ష పాసైతే మీ లారీ తిరగొచ్చు. ఎటొచ్చీ ఏటా కట్టే ఫీజు, చేయించే రిపేరు, తాగే డీజిల్ లెక్క వేసుకుని, ఆ బండి సంపాదించే కిరాయితో పోల్చుకోండి. ఊరి చుట్టూ మొరం తోలే బండికి ఒక లెక్క, హైదరాబాద్ దాకా రోజూ పోయే బండికి ఇంకో లెక్క.

ఆ రోజు బండితో ఎవరు పోవాలి?

రోజూ నడిపే డ్రైవరే, లైసెన్సుతో, ఖాకీ యూనిఫాంతో. ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో అతనికే తెలుసు. ఓనరు కూడా వెంట ఉంటే మంచిది, చిన్న ఖర్చు నిర్ణయాలు అక్కడికక్కడే అయిపోతాయి. కొన్ని బల్బులు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, స్క్రూడ్రైవర్, ఒక పానా సెట్టు క్యాబిన్‌లో పెట్టుకోండి. ఆఫీసు ముందు షాపులో అదే బల్బు ధర వేరుగా ఉంటుంది.

ఎఫ్‌సీ చేతికొచ్చాక చేయాల్సింది ఏమైనా ఉందా?

అక్కడే నిలబడి బండి నంబరు, ఛాసిస్ నంబరు, గడువు తారీఖు సరిగ్గా పడ్డాయో చూడండి. తప్పు ఉంటే అదే రోజు చెబితే తేలిగ్గా మారుతుంది. ఫోన్లో డిజీలాకర్‌లోనో, టీ యాప్ ఫోలియోలోనో దించి పెట్టుకోండి, డ్రైవర్ ఫోన్లో కూడా. కొత్త గడువుకు నెల ముందు మోగేలా అలారం పెట్టండి, ఇన్సూరెన్స్, పర్మిట్, ట్యాక్స్ తారీఖులకూ అట్లాగే. తర్వాత బండి కండిషన్ చెడితే గడువు ఉన్నా ఎఫ్‌సీని రద్దు చేసే అధికారం ఆఫీసుకు ఉంది. కాబట్టి విప్పిన ఫోకస్ లైట్లను షెడ్డులోనే ఉండనివ్వండి.